తోడేలు తిరిగొస్తుందని చెప్పాను

నేను తోడేలును ఎప్పుడూ చూడలేదు. మా కోటబొమ్మాళి చుట్టుపక్కల చూసినవాళ్లు ఉంటారని కూడా అనుకోను. మాకు తెలిసినవి నక్కలు. అవి కూడా జీడితోటల్లో ఎప్పుడో ఒకసారి కనిపించి, మనం కేకేసేలోపే మాయమయ్యేవి. అయినా పందొమ్మిదో ఏట నుంచి నాలుగేళ్లపాటు నేను తోడేళ్లతోనే కాపురం చేశాను. నాతోపాటు మా అక్కను కూడా వాటి మధ్యకు లాక్కెళ్లాను. మొదటిది నా పిచ్చి. రెండోది నా తప్పు.

ఫోన్లో నెట్ చవకైన కొత్తరోజులవి. టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాను. నా పక్కన కూర్చునే అమ్మాయి ఇంగ్లిషు నవలలు ఉచితంగా చదువుకునే యాప్ ఒకటి చూపించింది. ఇంగ్లిషు బాగుపడుతుందని నాన్నకు చెప్పి నేనూ ఎక్కించుకున్నాను. ఒక అధ్యాయం తెరుచుకోవాలంటే ఒక ప్రకటన చూడాలి. తోడేళ్ల కోసం నేను చూసినన్ని సబ్బుల ప్రకటనలు ఈ జిల్లాలో ఇంకెవరూ చూసి ఉండరు. రోజూ టెక్కలిలో దిగాల్సినదాన్ని, కథలో పడి రెండుసార్లు పలాస దాకా వెళ్లిపోయాను.

కథ ఆరు పుస్తకాలు. అడవి పక్కన ఒక గుంపు ఉంటుంది. చూడ్డానికి మనుషులే గానీ తలుచుకుంటే తోడేళ్లయిపోతారు. గుంపుకి ఒక పెద్ద. ఆ పెద్దాయన కొడుకు మన హీరో. వాళ్లలో ప్రతి ఒక్కరికీ పుట్టుకతోనే ఒక జత రాసిపెట్టి ఉంటుంది. ఎదురుపడితే చాలు, వాసన పట్టి గుర్తుపడతారు. హీరోకి రాసిపెట్టిన పిల్ల అదే గుంపులో అంట్లు తోముకుంటూ పెరిగిన అనాథ. ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం అన్నం ముందు కూర్చుని కూడా చదివేదాన్ని, అమ్మ ఫోన్ లాక్కునేదాకా.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఏడో తరగతితో బడి మానేసింది. పలాస నుంచి ఆటోలో జీడిపప్పు మా వీధికి వచ్చేది. దాని మీది ఎర్రటి పొట్టు చిన్న కత్తితో గీకి, పప్పు విరగకుండా తీసి ఇవ్వడం ఇంటింటి ఆడవాళ్ల పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ, అక్క పెరటి వసారాలో చేటలు ముందేసుకుని కూర్చునేవారు. నాకు ఆ పని రాదు. నేను ముట్టుకుంటే పప్పు బద్దలైపోతుంది. అందుకని నన్ను కూర్చోబెట్టి కబుర్లు చెప్పమనేవారు. అలా మొదలైంది. నేను చదువుకున్నంత మేర తెలుగులో చెప్పేదాన్ని, వాళ్లు వింటూ వలిచేవారు.

అక్క వినడం మామూలుగా ఉండేది కాదు. మొదటిరోజే నన్ను ఆపేసింది.

"ఒసే, తోడేలు అయిపోయినప్పుడు బట్టలేటవుతాయే?"

చిరిగిపోతాయని చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"రోజుకో జత సింపేస్తంటే ఆడి అమ్మ ఊరుకుంటాదేటి?"

అమ్మ నవ్వు ఆపుకోలేక కత్తి కింద పెట్టేసింది. రాసినావిడకు ఆరు పుస్తకాల్లో ఒక్కసారి కూడా తట్టని ప్రశ్న అది.

ఇక్కడ నేను చేసిన మొదటి పొరపాటు చెప్పాలి. పుట్టుకతో రాసిపెట్టిన జత అనేదానికి ఇంగ్లిషులో వాళ్లు వాడే మాట నాకు తెలుగులో దొరకలేదు. మొగుడు అందామంటే ఇంకా పెళ్లి కాలేదు. ప్రియుడు అందామంటే అమ్మ ముందు నోరు రాలేదు. చివరికి "రాసిపెట్టిన బావ" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. ఆ ఒక్క మాటతో కథంతా అక్కకు అర్థమైపోయింది, ఎందుకంటే తనకూ ఒక రాసిపెట్టిన బావ ఉన్నాడు.

మా ఇళ్లల్లో మేనరికం అంటే ఊరికే అనుకోవడం కాదు, అది ఒక కట్టు. అక్క పుట్టిన పదకొండో రోజున మా మేనమామ వచ్చి, ఉయ్యాల మీద చీర కప్పి, ఇది మా ఇంటి కోడలు అని పదిమందిలో చెప్పి వెళ్లాడట. ఆ మాట వద్దనుకుంటే దానికీ ఒక పద్ధతుంది. అబ్బాయివాళ్లే మళ్లీ రావాలి. చీర, పసుపు, కుంకుమ పళ్లెంలో పెట్టి పిల్ల చేతికివ్వాలి. పిల్ల అందుకుంటే ఆ రోజు నుంచి ఆ ఇంటి ఆడపడుచుతో సమానం, ఎక్కడికైనా ఇచ్చుకోవచ్చు. అందుకోకపోతే మాట తెగనట్టే. మాట తెగని పిల్లను మావాళ్లలో ఇంకెవరూ చేసుకోరు. కానీ అందుకోని పిల్లను మా అమ్మ గానీ అమ్మమ్మ గానీ చూసి ఉండలేదు. వద్దన్నవాడి కోసం పట్టుబట్టి ఎవరు కూర్చుంటారు?

బావ పదో తరగతి తప్పాక సాలూరు వెళ్లి లారీ క్లీనరుగా చేరాడు. తర్వాత డ్రైవరయ్యాడు. ఘాట్ ఎక్కి కోరాపుట్ మీదుగా రాయపూర్ దాకా తిరిగేవాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మా ఇంటికి వస్తే అమ్మకు సంచి నిండా కోరాపుట్ అల్లం తెచ్చేవాడు. నాన్నతో మాట్లాడేవాడు, నన్ను ఆటపట్టించేవాడు, అక్క వైపు మాత్రం చూసేవాడు కాదు. అక్క తలుపు వెనక నుంచి గ్లాసు అందించేది. మేమంతా దాన్ని సిగ్గనుకున్నాం. వాసన పట్టి గుర్తుపట్టే భాగం నేను చెప్పిన రోజు అక్క, తన బావ దగ్గర డీజిలు వాసన తప్ప ఏమీ రాదని చెప్పి, చెప్పినందుకు తానే ఎర్రబడిపోయింది.

రెండో పుస్తకంలో హీరో ఆ పిల్లను వద్దంటాడు. గుంపులో పెద్దింటి పిల్లను చేసుకోవాలని అతనికి ఆశ. తోడేళ్లలో దానికీ ఒక పద్ధతి. అతను అందరి ముందూ నువ్వు నాకొద్దు అనాలి. ఆ పిల్ల ఒప్పుకున్నాను అనాలి. ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చేదాకా బంధం తెగదు. ఇది చెబుతుంటే అమ్మ, అక్క ఒకరినొకరు చూసుకున్నారు. మన పళ్లెం లాంటిదేనని అమ్మ అంది. ఆ మధ్యాహ్నం అక్క చేతిలో చాలా పప్పు విరిగింది.

"ఆ పిల్ల ఒప్పేసుకుంటాదేటి?" అని అడిగింది అక్క.

నేను అప్పటికే ముందుకు చదివేశాను. ఒప్పేసుకుంటుంది. ఏడవకుండా ఆ మాట చెప్పి, సంచి సర్దుకుని, వేరే గుంపు ఉండే ఊరికి వెళ్లిపోతుంది. అక్కడ వడ్రంగి పని చేసే ఒక నెమ్మదైన మనిషి తారసపడతాడు. మొదటివాడు మళ్లీ ఆమె జోలికి రాడు. మిగిలిన నాలుగు పుస్తకాలూ ఈ ఇద్దరివే. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతసేపు ఊరించి, వడ్రంగివాడి చేతిలో పెడతావా అని రాసినావిడను మనసులో తిట్టుకున్నాను. ఎదురుగా అక్క కత్తి ఆపి నా మొహంలోకి చూస్తోంది.

"ఒప్పుకోదు. నోరు మూసుకుని నిలబడిపోతాది. ఆడే తిరిగొస్తాడు," అన్నాను.

అక్క మొహం విప్పారింది. అంత అందంగా అక్కను నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి నేను పుస్తకం చెప్పడం మానేసి, నా కథ చెప్పడం మొదలుపెట్టాను.

మూడు నెలలు తిరక్కుండానే మావ, అత్త పళ్లెంతో వచ్చారు. బావ రాలేదు. మావ తలెత్తలేదు. అత్త పళ్లెం పట్టుకుని వసారాలో అక్క ముందు నిలబడింది.

"ఆడు ఒద్దంటన్నాడు తల్లీ. మేం ఏటి సెయ్యగలం. అందుకో."

అక్క పొట్టు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది. అందుకుంటుందనుకున్నాం. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నానందుకోను."

అంటూనే నా వైపు చూసింది. ఇద్దరం కలిసి ఏదో పరీక్ష రాస్తున్నట్టు, జవాబు నాకూ తెలుసులే అన్నట్టు చూసింది. ఆ చూపు అర్థమైంది నా ఒక్కదానికే. అమ్మ బతిమాలింది, నాన్న కసిరాడు. అత్త చివరికి పళ్లెం మంచం మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ చీరను అమ్మ పెట్టెలో అడుగున దాచింది.

వాళ్లు వెళ్లాక అక్క పెరట్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. మెల్లగా, గర్వంగా చెప్పింది, "నాను ఒప్పుకోలేదు సూడు."

అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తన సంతోషం చెడగొట్టడం ఎందుకనుకున్నాను. బావ నిజంగానే మనసు మార్చుకుంటాడేమోనని కూడా అనుకున్నాను. కానీ వీటన్నిటి కింద ఇంకో కారణముంది, చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. నేను కల్పించిన కథను ఒక మనిషి అంతగా నమ్మడం నాకు బాగుంది. కాలేజీలో నన్ను ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో మాత్రం నేను నోరు తెరిస్తే అక్క చేతులు ఆగిపోయేవి.

ఆ తర్వాతి ఏడాది గరివిడి నుంచి ఒక సంబంధం వచ్చింది. అక్కడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని అతనికి. నరసన్నపేటలో ఎవరి పెళ్లిలోనో అక్కను చూశాడట. తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. మొహం మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు, చిన్న గొంతు. పళ్లెం సంగతి నాన్న దాచకుండా చెప్పాడు. ఆ తల్లి నొచ్చుకోలేదు. అమ్మాయి చీర అందుకున్నాక కబురు చెయ్యండి, అప్పటిదాకా ఆగుతాం అంది. అమ్మ ఆ రాత్రికి రాత్రే చీర తీసి అక్క ఒళ్లో పెట్టబోయింది. అక్క లేచి వెళ్లిపోయింది.

నా తోడేలు మాత్రం రోజురోజుకీ దగ్గరవుతున్నాడు. అసలు పుస్తకంలో అతను కనిపించడమే మానేశాడు గనుక ఇక అంతా నా నోటికి వచ్చిందే. చేసుకున్న పెద్దింటి పిల్లతో గొడవ పడ్డాడన్నాను. గుంపు వదిలేశాడన్నాను. మంచులో నడుస్తున్నాడన్నాను. మంచు ఎలా ఉంటుందో నాకు తెలియదు, అక్కకూ తెలియదు. ఇంటికి చేర్చేస్తే కథ అయిపోతుంది, కథ అయిపోతే బావ రాలేదేమని అడుగుతుంది. అందుకని దారిలోనే తిప్పుతూ ఉన్నాను.

అంతలో ఆ పెద్ద తుఫాను వచ్చింది. జీడితోటలు వేళ్లతో సహా పడిపోయాయి, వలవడానికి పప్పు లేదు. మా వంటింటి మీది రేకులు లేచిపోయి పక్కవాళ్ల పొలంలో దొరికాయి. మూడోరోజున గరివిడి అతను టార్పాలిన్ మోసుకుని వచ్చాడు. బస్సుల్లేవు, నరసన్నపేట నుంచి ఎవరి ట్రాక్టరో పట్టుకుని, మిగతాది నడిచాడట. నాన్నతో కలిసి సాయంత్రం దాకా రేకులు బిగించాడు. సాలూరు నుంచి బావ ఫోన్ కూడా చెయ్యలేదు.

అతను దిగి వచ్చాక అక్క నీళ్లిచ్చింది. తలుపు వెనక నుంచి కాదు, ఎదురుగా వెళ్లి ఇచ్చింది. అతను తాగి, ఏం మాట్లాడాలో తెలియక, నీళ్లు బాగున్నాయన్నాడు. అతను వెళ్లాక అక్క ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వింది. బోరింగు నీళ్లు బాగున్నాయన్న మనిషిని ఈయన్నే చూశానంది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, నన్ను అడిగింది.

"ఒసే, ఆ తోడేలు ఇంకా వస్తన్నాడా?"

ఆ ప్రశ్నను నేను ఎన్నిసార్లు మళ్లీ విన్నానో లెక్కలేదు. అప్పుడు నాకు అందులో ఆశే వినిపించింది. వాడు రాడని చెప్పవే అని నన్ను అడుగుతోందని ఇప్పుడు అనిపిస్తుంది. లేదు, ఆగిపోయాడు అని ఒక్క మాట అంటే చాలు. పెట్టెలోంచి చీర తనే తీసుకుని ఉండేది. నేను ఏమన్నానంటే, "వస్తన్నాడు. నది దాటేశాడు."

అక్క తలూపింది. మొహంలో మిగిలిన నవ్వు కూడా పోయింది. లేచి, తడిసిన బియ్యం ఆరబెట్టడానికి వెళ్లింది.

గరివిడివాళ్లు ఇంకో ఆరు నెలలు ఆగారు. ఆ తల్లికి జబ్బు చేసింది, ఇంట్లో ఒక ఆడదిక్కు కావాల్సి వచ్చింది. చీపురుపల్లి పిల్లతో అతని పెళ్లయిపోయింది. ఆ విషయం అతనే నాన్నకు ఫోన్ చేసి చెప్పాడు, తప్పు తనదైనట్టు మాట్లాడాడట. అమ్మ రెండురోజులు అన్నం తినలేదు. అక్క మామూలుగానే తిరిగింది. ఒకసారి మాత్రం నీళ్లు పడుతూ బిందె నిండి పొర్లిపోతున్నా చూడకుండా నిలబడి ఉంది.

మరుసటి ఏడాది బావ పెళ్లి శుభలేఖ వచ్చింది. సాలూరులో అతను భోజనం చేసే ఇంటివాళ్ల అమ్మాయట. అయిదేళ్లుగా అక్కడే తింటున్నాడట. అంటే నేను మొదటి పుస్తకం మొదలుపెట్టకముందు నుంచీ అన్నమాట. అమ్మ శుభలేఖను దేవుడి గూట్లో పెట్టడానికి కూడా ఇష్టపడక కిటికీలో పడేసింది. నేను అక్క దగ్గరకు వెళ్లాను. కొత్త పప్పు వచ్చింది, ఒక్కతే వలుస్తోంది. ఏడుస్తుందనుకున్నాను. పక్కన కూర్చోమంది.

"కతలో కూడా ఆడు పెద్దింటి పిల్లని సేసుకున్నాకే గదా తిరిగొస్తన్నాడు?" అంది. "మరి ఎన్నేళ్లకొస్తాడే?"

అక్కకు ఇరవై ఏడేళ్లు. నేను ఎన్నేళ్లంటే అన్నేళ్లు కూర్చుంటుంది. పదంటే పది. ఇంకొకరిని చేసుకుంటున్నవాడి కోసం, నేను మధ్యాహ్నాలు ఊసుపోక అల్లిన తోడేలు కోసం. నోరు తెరిచి మొత్తం చెప్పేశాను. అతను తిరిగి రాలేదని, అసలు పుస్తకంలో ఆ పిల్ల ఆ రోజే ఒప్పుకున్నాను అనేసిందని, మిగిలిందంతా నేను పుట్టించానని. చెబుతూ నేనే ఏడ్చాను. అక్క ఏడవలేదు. చేతిలోని పప్పు పొట్టు పూర్తిగా తీసి, చేటలో వేసి, అప్పుడు అడిగింది.

"మరి ఆ పిల్ల ఏటైపోనాది?"

"ఏరే ఊరెల్లిపోయింది. అక్కడ ఒకడ్ని సేసుకుంది."

"మంచోడేనా?"

"మంచోడే."

"పిల్లలు?"

"ఒక పాప."

అక్క ఆ పిల్లను ఎక్కడో నిజంగా చూస్తున్నట్టే ఉంది, బాగుందని సంతోషిస్తున్నట్టు కూడా ఉంది. తర్వాత నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు.

"అది అప్పుడే సెప్పుంటే నాను గరివిడి ఎల్లిపోదును గదే."

కొట్టినా బాగుండేది. జుట్టు పట్టుకుని ఈడ్చినా, ఆ కత్తి నా మీద విసిరినా నాకు కొంత తెరిపిగా ఉండేది. మా అక్క ఏమీ చెయ్యలేదు. నన్ను మొహం కడుక్కోమని, అమ్మకు ఈ సంగతి చెప్పొద్దని అంది. తెలిస్తే అమ్మ నన్ను క్షమించదని తనకు తెలుసు. ఆ సంగతి ఇప్పటిదాకా అమ్మకు తెలియదు.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. అక్క పెళ్లి చేసుకోలేదు. మేం మాట్లాడుకుంటాం, నవ్వుకుంటాం, నా పిల్లలకు తనే స్నానాలు చేయిస్తుంది. చూసేవాళ్లకు మా మధ్య ఏమీ కనపడదు. నేను పది గంటల బస్సుకు వెళదామంటే మాత్రం, సరే అని తలూపి, వీధిలోకి వెళ్లి బస్సు పదికేనా అని పక్కింటావిడను కూడా ఒకసారి అడిగి వస్తుంది.